ఎండమావుల నడుమ పిట్ట: సీమలో పొడుగు లెన్స్‌తో ఫొటో తీసే పద్ధతి

పొడుగు లెన్స్ చేతికొచ్చిన కొత్తలో అందరూ చేసే పని ఒకటుంది. పొద్దున పదింటికి చెరువు కట్ట ఎక్కి, అవతలి గట్టు మీద నిలబడ్డ కొంగకు గురిపెడతారు. 600 ఎంఎం కదా, అందుతుందనుకుంటారు. అందుతుంది కూడా. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే కొంగ ముక్కు కరిగిన మైనంలా ఉంటుంది, కన్నెక్కడుందో తెలియదు. అప్పుడు లెన్స్ మీద అనుమానం మొదలవుతుంది. సర్వీసుకు పంపిస్తారు, ఆనక అమ్మేసి ఇంకా ఖరీదైనది కొంటారు. కొత్తదానితోనూ అదే కొంగ, అదే మైనం. కర్నూలు, అనంతపురం, కడప చుట్టుపక్కల ఫొటోను ఎక్కువసార్లు చెడగొట్టేది మీకూ పిట్టకూ మధ్యనున్న వేడిగాలి. అందుకే కెమెరా బటన్ల జోలికి వెళ్లే ముందు దూరం గురించి, పొద్దు గురించి తేల్చుకోవాలి.

దూరం లెక్క

చాలామంది చేతిలో ఉండేది ఏపీఎస్-సీ సెన్సర్ కెమెరా. ఆ సెన్సర్ (లోపల బొమ్మ పడే పలక) వెడల్పు దాదాపు 23.5 మిల్లీమీటర్లు, కెనాన్‌లో కాస్త తక్కువ. ఈ వెడల్పును 600తో భాగించి, పిట్ట ఉన్న దూరంతో గుణించండి. ఆ దూరంలో మీ ఫ్రేములో ఎంత మేర పడుతుందో తెలుస్తుంది. 20 మీటర్ల దగ్గర అది సుమారు 78 సెంటీమీటర్లు. 40 మీటర్ల దగ్గర 157. 60 మీటర్ల దగ్గర 235. అంతకంటే పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా అయితే 20 మీటర్లకే 120 సెంటీమీటర్లు పడుతుంది.

ఇప్పుడు కరెంటు తీగ మీద తేనెటీగల కోసం కాచుకుని కూర్చునే పసిరిక పిట్టను తీసుకోండి. తోక పుల్లతో కలిపి 18 సెంటీమీటర్లకు మించదు. 20 మీటర్లలో ఉంటే ఫ్రేములో నాలుగోవంతుకు కాస్త తక్కువ వస్తుంది, పనికొస్తుంది. 60 మీటర్లలో ఉంటే 24 మెగాపిక్సెల్ కెమెరాలో పిట్ట మొత్తం కలిపి 460 పిక్సెళ్లు, కన్ను పది పన్నెండు. అందులోంచి ఏ సాఫ్ట్‌వేరూ ఈకలు పుట్టించలేదు.

కాబట్టి గురి ఇలా పెట్టుకోండి: పిచ్చుక, పసిరిక పిట్ట సైజువి 8 నుంచి 12 మీటర్లు, పాలపిట్ట, గోరింక సైజువి 15 నుంచి 20, కొంగలైతే 25 నుంచి 40. దూరం కంటితో అంచనా కట్టడం రాకపోతే క్రికెట్ పిచ్ గుర్తు తెచ్చుకోండి, వికెట్ నుంచి వికెట్‌కు 20 మీటర్లు. అంతకంటే దూరంగా ఉన్న చిన్న పిట్టకు షట్టర్ నొక్కడం కార్డు నింపుకోవడానికే.

దగ్గరైతే ఇంకో చిక్కుంది. 10 మీటర్ల దగ్గర 600 ఎంఎం, అపర్చర్ (వెలుతురు వచ్చే లెన్స్ రంధ్రం) ఎఫ్/6.3 పెడితే స్పష్టంగా వచ్చే లోతు ఏడు సెంటీమీటర్లే. పిట్ట మీవైపు ముఖం పెట్టి కూర్చుంటే కన్ను బాగుంటుంది, తోక మసకవుతుంది. అది తప్పేం కాదు. కానీ రెండు పిట్టలు ఒకటి ముందు, ఒకటి వెనక కూర్చుంటే ఒకటే వస్తుంది. రెండూ కావాలంటే ఎఫ్/9, ఎఫ్/11 దాకా వెళ్లాలి, లేదా అవి మీకు సమాన దూరంలోకి వచ్చేలా మీరే పక్కకు జరగాలి.

గాలి ఎప్పుడు కాగుతుంది

నేల కాగినకొద్దీ దాని మీది గాలి వేడెక్కి పాయలు పాయలుగా పైకి లేస్తుంది. వేడి పాయ, చల్లని పాయ వెలుతురును వేర్వేరుగా వంచుతాయి. తారు రోడ్డు మీద ఎండమావి కనిపించేది ఇందుకే. మన కంటికి కనబడనంత సన్నని వణుకును కూడా 600 ఎంఎం పెద్దది చేసి చూపిస్తుంది. నల్లరేగడి చేలు, బండరాతి గుట్టలు, నీళ్లెండిన చెరువు మట్టి త్వరగా కాగుతాయి. సీమలో ఈ మూడింటికీ కొదవలేదు.

పరీక్ష సులభం. దూరంగా ఉన్న కరెంటు స్తంభం మీది పింగాణీ కప్పుకు ఫోకస్ చేసి, లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) పదింతలు పెద్దది చేయండి. కెమెరా కదలకుండా ఆనించి చూడండి. కప్పు అంచు నీళ్లలో నీడలా అల్లాడుతోందంటే, ఆ దూరంలో ఆ పూటకు ఫొటో లేదు. మార్చి నుంచి మే దాకా ఏడున్నరకే ఈ అల్లాట మొదలవుతుంది. డిసెంబరు, జనవరిలో తొమ్మిది దాకా ఆగుతుంది. ఆ తర్వాత తీయాలనుకుంటే పదిహేను మీటర్ల లోపల ఉన్నవాటినే తీయండి.

చాలామందిని మోసం చేసే సంగతి ఇంకొకటి. చలికాలం తెల్లవారుజామున చెరువు నీళ్లు పై గాలికంటే వెచ్చగా ఉంటాయి. అప్పుడు నీళ్ల మీద కూడా ఇదే వణుకు. డిసెంబరులో ఆరున్నరకు తీసిన బాతు మసకగా వచ్చి, ఎనిమిదింటికి తీసింది బాగుందంటే కారణం ఇదే కావచ్చు.

షట్టర్ స్పీడ్ పెంచితే ఇది పోదు. 1/4000 సెకను పెట్టినా వంగిన వెలుతురు వంగినట్టే పడుతుంది, కాకపోతే ఒక్కో ఫ్రేములో ఒక్కో రకంగా. అందువల్ల తప్పనిసరైతే ఇరవై ముప్పై ఫ్రేములు తీసి, వాటిలో గాలి ఒక్క క్షణం నిలిచిన ఫ్రేము కోసం వెతుక్కోవాలి. కారులోంచి తీసేవాళ్లు ఏసీ ముందే ఆపేసి అద్దాలన్నీ దించండి. లోపలి చల్లగాలి, బయటి వేడిగాలి కిటికీ దగ్గరే కలుస్తాయి, లెన్స్ సరిగ్గా అక్కడే ఉంటుంది. బానెట్ మీదుగా గురిపెట్టొద్దు. చల్లని గదిలోంచి తెచ్చిన లెన్స్‌ను బ్యాగ్‌లోంచి తీసి నీడలో ఇరవై నిమిషాలు ఉంచితే లోపలి గాలి కుదురుతుంది.

ఆనించుకోవడానికి

సిగ్మా, టామ్రాన్ 150-600, నికాన్ 200-500, సోనీ 200-600 అన్నీ రెండు కేజీలకు అటూ ఇటూ. కెమెరాతో కలిపితే మూడు కేజీల దగ్గర. అరగంట చేత్తో పట్టుకుంటే భుజం వణుకుతుంది, ఆ వణుకు ఫొటోలోకి వస్తుంది. ట్రైపాడ్, దాని మీద బరువు లెన్స్‌ను ఊయలలా తిప్పే గింబల్ హెడ్ మంచివే కానీ చేను గట్ల మీద మోసుకు తిరగడం కష్టం, నేలకు దిగడం ఇంకా కష్టం. నడిచేవాళ్లకు మోనోపాడ్, అంటే ఒంటికాలి స్టాండు. కూర్చునేవాళ్లకు, పడుకునేవాళ్లకు, కారు కిటికీకి బీన్ బ్యాగ్‌ను (లెన్స్ ఆనించుకునే గింజల సంచిని) మించింది లేదు, దానికి డబ్బు పెట్టనక్కర్లేదు.

పాత జీన్స్ ప్యాంటు మోకాలి కింది భాగం కత్తిరించి, ఒక వైపు రెండు వరసలు కుట్టండి. రెండు కేజీల జొన్నలో కొర్రలో గుడ్డ సంచిలో పోసి మూతి కట్టి దాని లోపల పెట్టండి, అప్పుడు రెండో వైపు కుట్టండి. ముప్పావు వంతే నిండాలి. గట్టిగా కూరితే లెన్స్ దాని మీద దొర్లుతుంది; వదులుగా ఉంటే గింజలు పక్కకు తప్పుకుని లెన్స్‌కు గుంట చేస్తాయి, ఆ గుంటే పట్టు. మధ్యలో అరచేత్తో నొక్కి, లెన్స్ బారెల్ అందులో కూర్చోబెట్టండి. ట్రైపాడ్ కాలర్ (స్టాండుకు బిగించే లెన్స్ పట్టీ) పాదాన్ని పైకి తిప్పుకుంటే అడ్డు రాదు. వానాకాలంలో తడిస్తే గింజలు ఎండబెట్టకపోతే పురుగు పడుతుంది. ఫోమ్ ముక్కలు నింపి అమ్మేవి తేలిగ్గా ఉంటాయి, కానీ కదలిక ఆపేది బరువే.

బీన్ బ్యాగ్ మీద తీసేటప్పుడు లెన్స్‌లోని స్టెబిలైజర్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఆన్‌లో ఉంచినా ఫరవాలేదు. ట్రైపాడ్‌కు బిగించినప్పుడు మాత్రం పాత లెన్సుల్లో ఆపేయడం మంచిది, లేని కదలికను సరిచేయబోయి అదే కదిలిస్తుంది. కారులో ఉంటే ఇంజను ఆపాలి, పక్కన కూర్చున్నవాళ్లు కదలకూడదు.

సెట్టింగులు

మోడ్ మాన్యువల్, ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందన; పెరిగితే ఫొటోలో గరుకు వస్తుంది) ఆటో. అపర్చర్, షట్టర్ మీ చేతిలో, మిగతాది కెమెరా చేతిలో. అపర్చర్ ఎఫ్/6.3 దగ్గర మొదలుపెట్టండి, ఎండ బాగుంటే ఎఫ్/8. ఈ జూమ్ లెన్సుల్లో చాలావాటికి 600 చివర ఎఫ్/8 కాస్త పదును ఇస్తుంది.

కూర్చున్న పిట్టకు షట్టర్ 1/800 సెకను. మోనోపాడ్ మీద నిశ్చలంగా ఉన్న గుడ్లగూబకు 1/250 కూడా చాలు, కానీ పిట్ట తల తిప్పే వేగం తక్కువది కాదు. నడిచే, ముక్కుతో పొడిచే పిట్టకు 1/1250. ఎగిరే కొంగకు, గద్దకు 1/2000. పసిరిక పిట్ట, నీళ్లలోకి దూకే లకుముకి పిట్ట వంటి చిన్నవాటికి 1/3200 పైన. ఐఎస్‌ఓ గరిష్ఠం ఏపీఎస్-సీలో 3200, ఫుల్‌ఫ్రేమ్‌లో 6400 దగ్గర కట్టేయండి. గరుకుదనానికి భయపడి షట్టర్ తగ్గించడం ఇక్కడ అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. గరుకును తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన కన్నును ఏమీ చేయలేం.

ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా కొలిచిన వెలుతురును మనం పెంచడం, తగ్గించడం) నేర్చుకోకపోతే తెల్ల కొంగలన్నీ సున్నం ముద్దలవుతాయి. కెమెరా మీటర్ చూసిన ప్రతిదాన్నీ నడిమి బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. నల్లని నీళ్లలో చిన్న తెల్ల కొంగ ఉంటే నీళ్లను చూసి వెలుతురు పెంచుతుంది, కొంగ కాలిపోతుంది. అక్కడ మైనస్ 0.7 నుంచి మైనస్ 1.3 పెట్టాలి. ఆకాశంలో ఎగిరే గద్దకు ఇది తిరగబడుతుంది: ఆకాశపు వెలుగుకు గద్ద నల్లటి బొమ్మవుతుంది, ప్లస్ 1 నుంచి ప్లస్ 1.7 కావాలి. మెరిసే నీళ్ల మీద నీటికాకికి ప్లస్ 0.7. మరీ తెల్లబడిన చోటు చూపించే హైలైట్ హెచ్చరిక ఆన్‌లో పెట్టుకుని, తెల్ల ఈకల మీద అది మిణుకుమంటే ఇంకొంచెం తగ్గించండి. ఫైలు రా (RAW) ఫార్మాట్‌లోనే. బర్స్ట్ (వరసగా తీసే ఫొటోలు) ఐదారు ఫ్రేములకు మించి నొక్కి ఉంచకండి. బఫర్ (కార్డుకు చేరేలోపు ఫొటోలు నిలిచే చోటు) నిండి కెమెరా బిగుసుకున్న క్షణంలోనే లకుముకి చేపతో పైకి లేస్తుంది.

ఫోకస్

నిరంతర ఫోకస్ మోడ్, అంటే ఏఎఫ్-సీ లేదా ఏఐ సర్వో, ఎప్పుడూ ఆన్‌లోనే. ఫోకస్‌ను షట్టర్ బటన్ నుంచి తప్పించి వెనక బొటనవేలి బటన్‌కు ఇవ్వండి. కూర్చున్న పిట్టకు ఒకసారి నొక్కి వదిలేయొచ్చు, ఎగిరితే నొక్కే ఉంచొచ్చు, మోడ్ మార్చే పని ఉండదు. మొదటి మూడు రోజులు చిరాకుగా ఉంటుంది.

కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో పిట్ట కన్నును పట్టే సౌకర్యం ఆకాశంలో, నీళ్ల మీద, తీగ మీద అద్భుతంగా పనిచేస్తుంది. సర్కారు తుమ్మ పొదలో మాత్రం చేతులెత్తేస్తుంది, ముల్లును కన్ననుకుంటుంది. అక్కడ ఒకే ఒక్క చిన్న పాయింట్‌కు మారండి. అప్పటికీ ముందరి పుల్ల మీద పడితే ఫోకస్ రింగును చేత్తో వెనక్కి తిప్పి పిట్ట కాస్త కనబడేలా చేసి, అప్పుడు బటన్ నొక్కండి. లెన్స్ మీదున్న ఫోకస్ లిమిటర్‌ను (ఏ దూరాల మధ్యే ఫోకస్ వెతకాలో చెప్పే మీటను) చూసుకోండి. సిగ్మా 150-600 కాంటెంపరరీ, సోనీ 200-600లలో 10 మీటర్ల నుంచి అనంతం దాకా అనే స్థానం ఉంటుంది, నికాన్ 200-500లో 6 మీటర్ల నుంచి. ఎగిరే పిట్టలకు ఇది పెడితే ఫోకస్ తప్పినా త్వరగా తిరిగొస్తుంది. దగ్గర పిట్టకు ఫోకసే పడటం లేదని బెంబేలు పడేవాళ్లలో సగంమంది లిమిటర్ తిప్పి మర్చిపోయినవాళ్లే.

ఎగిరే పిట్ట వ్యూఫైండర్‌లో దొరక్కపోతే జూమ్ 300కు తగ్గించి పట్టుకుని, ఆ తర్వాత 600కు లాగండి. ముందు పాలపిట్ట మీద అలవాటు చేసుకోండి. తీగ మీద, ఎండిన కొమ్మ చివర కూర్చుని నేల మీది పురుగును చూసి దిగుతుంది, చాలాసార్లు మళ్లీ అదే చోటుకు వస్తుంది. కూర్చున్నప్పుడు మట్టిరంగుగా ఉండే పిట్ట రెక్క విప్పినప్పుడే నీలం చూపిస్తుంది. మెడ ముందుకు చాచి ఒళ్లు వంచిందంటే దిగబోతోంది. రెట్ట వేసిందంటే దాదాపు ఖాయం. కూర్చున్న చోటికి ముందే ఫోకస్ కట్టి, 1/3200 పెట్టి, ఫ్రేములో దిగే వైపు చోటు వదిలి కాచుకోండి. ఎక్కువగా గాలికి ఎదురుగా లేస్తుంది, గాలి మీ వీపు వైపు నుంచి వీస్తుంటే మీవైపుకే ముఖం పెడుతుంది. అన్నట్టు, దసరా నాడు పంజరంలో పెట్టి డబ్బులకు చూపించే పాలపిట్టను ఫొటో తీయకండి, డబ్బులివ్వకండి. దాన్ని పట్టడమే నేరం.

దగ్గరికి చేరడం

సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి, నీడ పిట్ట వైపు చూపించాలి. నేరుగా నడవొద్దు. పిట్టకు పక్కగా ఎటో పోతున్నట్టు ఏటవాలుగా నడిచి, పది అడుగులకోసారి ఆగండి. అది మేత ఆపి తలెత్తి నిలబడితే మీరు గీత దాటినట్టే. రెండడుగులు వెనక్కి వేసి, మళ్లీ మేయడం మొదలెట్టేదాకా కదలకండి. కూర్చుని జరగడం నిలబడి నడవడం కంటే మేలు, ఫొటో కూడా బాగుంటుంది: పిట్ట కంటి ఎత్తులో లెన్స్ ఉంటే వెనక నేల దూరమై మెత్తగా కరిగిపోతుంది. అయితే వేడెక్కిన నేలకు ఆనించి తీస్తే వణుకు ఎక్కువ, పడుకుని తీసేది పొద్దున్నే.

ఇక్కడి పిట్టలు గొర్రెల మందకు, ట్రాక్టరుకు భయపడవు. దున్నే ట్రాక్టరు వెనకే కొంగలు మూగుతాయి. డ్రైవరు అన్నతో ఒక మాట చెప్పి గట్టు మీద కూర్చుంటే అవే దగ్గరికొస్తాయి. బైకు మీద వెళ్తుంటే ఆగిన వెంటనే దిగకండి, బండి మీదే కూర్చుని తీయండి. మనిషి ఆకారం బండి నుంచి విడిపోయినప్పుడే తీతువు కేకలు మొదలుపెడుతుంది. అది అరిచిందంటే చుట్టుపక్కల పిట్టలన్నిటికీ కబురందినట్టే, చోటు మార్చుకోండి. గడ్డిలో, గట్ల మీద రక్తపింజరి ఉంటుంది. చీకట్లో వెళ్లేటప్పుడు టార్చి, చీలమండ దాటే బూట్లు తప్పనిసరి. కళ్లు పిట్ట మీద, కాళ్లు ఎటో అన్నట్టు నడవొద్దు.

ఎండాకాలం: తొట్టి దగ్గర కాపు

ఏప్రిల్, మేలో ఎక్కువమంది కెమెరా బీరువాలో పెట్టేస్తారు. సీమలో చిన్న పిట్టలకు అదే మంచి కాలం, ఎందుకంటే నీళ్లున్న చోటికి అవే వస్తాయి. బోరు దగ్గర పశువుల తొట్టి, పైపు కారి ఏర్పడిన చిన్న మడుగు, చీనీ (బత్తాయి) తోటలో డ్రిప్ లీకైన చోటు. తోట పెద్దమనిషిని అడిగి, రెండు మూడు పూటలు ఊరికే దూరం నుంచి చూడండి. ఏ పిట్ట ఎటునుంచి వచ్చి ముందు ఎక్కడ వాలుతుందో గమనించండి. చాలా పిట్టలు నేరుగా నీళ్లలోకి దిగవు. పక్కన కొమ్మ మీద వాలి, చుట్టూ చూసి, అప్పుడు దిగుతాయి. మీకు కావలసింది ఆ కొమ్మే.

లేకపోతే మీరే పెట్టండి. బొటనవేలు లావు ఎండిన తుమ్మ కొమ్మను నీళ్లకు ఒక మీటరు దూరంలో, నడుము ఎత్తున, కాస్త వాలుగా పాతండి. రెండు మూడు చోట్ల కాదు, ఒక్కచోటే వాలేలా మిగతా పుల్లలు తుంచేయండి. వెనక పది పదిహేను మీటర్ల దాకా ఏమీ ఉండకూడదు. తొట్టి గోడో షెడ్డో వెనక పడితే కొమ్మను పక్కకు జరపండి. పొద్దున తూర్పు మీ వీపుకు వచ్చేలా కాపు చోటు చూసుకోండి, కొమ్మకూ మీకూ ఏడెనిమిది మీటర్లు. కాస్త ముందే మీ లెన్స్ కనీస ఫోకస్ దూరం చూసుకోండి. ఈ జూముల్లో అది రెండు మూడు మీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి ఇబ్బంది ఉండదు.

కాపుకు నర్సరీల్లో వాడే ఆకుపచ్చ షేడ్ నెట్ చాలు. నాలుగు వెదురు కర్రలు, మూడు మీటర్ల నెట్. ముందువైపు లెన్స్ పట్టేంత చీలిక, దాని మీద ఒక మడత. కింది అంచులకు రాళ్లు పెట్టండి. గాలికి నెట్ టపటపలాడితే ఒక్క పిట్టా దిగదు. కట్టిన రోజే లోపల కూర్చోవద్దు, రెండు రోజులు ఖాళీగా వదిలేయండి. మూడో రోజు చీకటుండగానే, అయిదుంబావుకల్లా లోపలికి వెళ్లి స్టూలు మీద కూర్చోండి. లెన్స్ చివర చీలిక బయటకు రానీయొద్దు, మెల్లగా తిప్పండి. షట్టర్ చప్పుడు లేకుండా ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టుకోవచ్చు, కానీ ఎగిరే రెక్కలు కొన్ని కెమెరాల్లో వంకరగా వస్తాయి. వాలినప్పుడు దాన్ని, లేచేటప్పుడు మెకానికల్ షట్టర్ వాడండి. పిగిలి పిట్టలు, పిచ్చుకలు, గువ్వలు, గోరింకలు ఎనిమిదింటిలోపే వచ్చిపోతాయి. ఎనిమిది మీటర్ల దూరంలో గాలి వణుకు పెద్దగా అడ్డం రాదు, ఎండ నెత్తికెక్కేదాకా తీయొచ్చు. మీకు రెండు లీటర్ల నీళ్లు.

మీరే కొత్తగా మట్టి పళ్లెం పెట్టి నీళ్లు పోస్తుంటే, ఫొటోలు అయిపోయాయని మధ్యలో మానేయొద్దు. అలవాటుపడిన పిట్టలు ఎండిన పళ్లెం దగ్గరికి వచ్చి తిరిగిపోతాయి. వానలు పడేదాకా పోయండి.

వీరాపురం, రోళ్లపాడు, లంకమల

చిలమత్తూరు మండలం వీరాపురం పూర్వపు అనంతపురం జిల్లాలోది, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. ఏటా జనవరి ప్రాంతంలో ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లోని చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. సైబీరియా కొంగలని పిలుచుకుంటారు కానీ ఇవి మన దేశపు పిట్టలే. ఇక్కడ 600 అక్కర్లేదు, 200 నుంచి 400 చాలు. కింద నుంచి తీస్తే పొట్టలూ కాళ్లే వస్తాయి. ఎవరి మిద్దె అయినా ఎక్కాలంటే ఇంటివాళ్లను అడిగి ఎక్కండి. గూటి ఎత్తుకు చేరితే ఫొటో మారిపోతుంది. తెల్లటి ఒళ్లు, వెనక తెల్లటి ఆకాశం కాబట్టి ప్లస్ 1 పెట్టి తెల్లదనం కాలుతుందేమో చూసుకోండి. రెక్క చివరి గులాబీ ఈకలు పొద్దుటి ఏటవాలు ఎండలోనే తేలతాయి. మధ్యాహ్నం తల్లి రెక్కలు చాచి పిల్లలకు నీడ పడుతుంది. చూడ్డానికి మంచి ఫొటోనే, కానీ మీ అలికిడికి అది లేచిపోతే పిల్లలు ఎండకు మాడతాయి. చప్పట్లు కొట్టి ఎగరగొట్టి తీసేవాళ్లను ఊరివాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

నందికొట్కూరు వైపున్న రోళ్లపాడును 1988లో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం అభయారణ్యం చేశారు. ఇప్పుడు దాని మీద ఆశ పెట్టుకుని వెళ్లొద్దు. చలికాలంలో వలస వచ్చే హారియర్లు, పిల్లిగద్దలంటారు, అక్కడ చూడదగ్గవి. సాయంత్రం గడ్డి మీద నడుమెత్తున తేలుతూ వచ్చి నేల మీదే గడ్డిలో పడుకుంటాయి. అందుకే దారి దిగి గడ్డిలోకి నడవొద్దు. నాలుగున్నర నుంచి పడమర మీ వీపుకు ఉండేలా నిలబడి, 1/2000, స్టెబిలైజర్ రెండో మోడ్‌లో పక్కకు తిప్పుతూ తీయండి. తల వంచి కిందకు చూస్తూ ఎగురుతుంది కాబట్టి కన్ను కనిపించేది మీ పక్కగా వెళ్లేటప్పుడే. చుట్టుపక్కల శనగ చేలల్లో కూడా పొద్దున ఇవే తిరుగుతాయి, అక్కడ అనుమతుల గొడవ లేదు, చేనుదారుణ్ని అడిగితే చాలు.

అభయారణ్యంలోకి వెళ్లడానికి, ఫొటో తీయడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీ శాఖ అనుమతి కావాలి. అదే చట్టంలో వేట అనే మాటకు అర్థంలో పక్షుల గూళ్లనూ గుడ్లనూ కదపడం కూడా ఉంది. గూటికి అడ్డంగా ఉన్న కొమ్మ విరిస్తే ఎండా కాకులూ రెండూ లోపలికి వస్తాయి. పిట్ట కూత ఫోనులో మోగించి పిలవడం కూడా మానేయండి. గూటి కాలంలో అది మేత మానేసి లేని శత్రువు కోసం వెతుక్కుంటుంది.

కడప జిల్లా లంకమల ముళ్లపొదల్లోని కలివి కోడి సంగతి వేరు. 1900 తర్వాత కనబడక, 1986లో రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికిన పిట్ట అది. రాత్రిపూట తిరుగుతుంది. టార్చిలు, ఫ్లాష్‌లు పట్టుకుని దాని కోసం పొదల్లో తిరగడం ఫొటోగ్రాఫర్ల పని కాదు.

దుమ్ము, ఇంటి పని

బయటకు సాగే జూమ్ లెన్స్ సాగిన ప్రతిసారీ గాలిని లోపలికి పీలుస్తుంది, ఎర్రమట్టి దుమ్ముతో సహా. బారెల్ మీది దుమ్మును బ్లోయర్‌తో ఊది, మెత్తని కుంచెతో దులిపాకే జూమ్ లోపలికి నెట్టండి. గాజు మీది దుమ్మును పొడిగా గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. గాలి వీస్తుండగా లెన్స్ మార్చొద్దు. అక్టోబరు వానల్లో సిలికా జెల్ వేసిన బిగుతు డబ్బాలో పెట్టండి.

ఇంటికొచ్చి ఫొటోలు ఏరేటప్పుడు ఒక్కో చెడిపోయిన ఫొటోకు కారణం పట్టుకోండి. చుక్కలన్నీ ఒకే దిక్కుకు గీతల్లా సాగితే చెయ్యి కదిలింది, షట్టర్ పెంచాలి. పిట్ట మసకై దాని ముందో వెనకో గడ్డి పదునుగా ఉంటే ఫోకస్ తప్పింది. ఏదీ పదునుగా లేక, అంచులు అలలు అలలుగా ఉండి, పక్క ఫ్రేములో ఆ అలలు వేరేలా ఉంటే అది గాలి. మొదటిదీ మూడోదీ షార్పెనింగ్‌తో బాగుపడవు, ఇంకా వికారమవుతాయి. మిగిలిన మంచివాటికి ముందు నాయిస్ (గరుకు) తగ్గించి, తర్వాత పిట్ట ఒంటికి మాత్రమే కొద్దిగా పదును పెట్టండి, ఆకాశానికి వద్దు.

ఇంతా చూశాక కూడా లెన్స్ మీద అనుమానం పోకపోతే, తెల్లవారి ఎండ రాకముందు గోడకు న్యూస్‌పేపరు అతికించి, పది మీటర్ల నుంచి బీన్ బ్యాగ్ మీద, 600 దగ్గర, ఎఫ్/8, టైమర్ పెట్టి పది ఫొటోలు తీయండి. ప్రతిసారీ ఫోకస్ తప్పించి మళ్లీ కట్టండి. చిన్నక్షరాలు పదింటిలో ఎనిమిది తొమ్మిదిటిలో చదవగలిగేలా ఉంటే లెన్స్‌ను అమ్మకండి.